రెండు మానికల తవుడు

శిశు మనస్తత్వ శాస్త్రంలో నాకు నూటికి డెబ్బై ఎనిమిది మార్కులు వచ్చాయి. మా ట్రైనింగ్ స్కూల్లో ఆ ఏడాదికి అదే పెద్ద మార్కు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఈ సంగతి జమ్మిపాలెంలో అరడజను మందికి చెప్పాను. వాళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు.

మాది తాడేపల్లి. వీధిలోకి వస్తే కృష్ణ మీది గాలి ముఖానికి తగలాలి నాకు. అలాంటిదాన్ని ఎనభై నాలుగు జూన్‌లో దర్శి అవతల, బస్సు దిగి రెండు మైళ్ళు నడవాల్సిన ఊళ్ళో వేశారు. అంతా నల్లరేగడి. వానొస్తే చెప్పులు చేతిలోకి వస్తాయి, ఎండొస్తే నేల నెర్రెలిచ్చి ఊరుకుంటుంది. ఊరి చుట్టూ పత్తి, మిరప. బడికి రెండు గదులు, ఇద్దరం టీచర్లం. నాలుగూ అయిదూ తరగతులు హెడ్మాస్టరు గురునాథం గారివి, ఒకటి నుంచి మూడు నావి. గురునాథం గారు నిదానస్తులు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ఆమె పోయాక ఆ మాట అనే బాధ్యత మా వారు తీసుకున్నారు.

మస్తానమ్మ నా దగ్గర మూడో తరగతి. ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తోంది. ఆదెయ్య, వెంకటేశ్వరమ్మ అనే రైతు దంపతుల పెద్దపిల్ల. వెంకటేశ్వరస్వామిని కొలిచే ఇంట్లో మస్తానమ్మ ఏమిటని నేను వింతగా అడిగితే గురునాథం గారు నవ్వారు. ఈ వైపు అది మామూలేనమ్మా, పిల్లలు నిలవకపోతే దర్గాకి మొక్కుకుంటారు, ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు మస్తానమ్మలు, ముగ్గురు సైదులు ఉంటారు అన్నారు. నేను తలూపి ఊరుకున్నాను. ఆయన మాటలో 'పిల్లలు నిలవకపోతే' అన్న ముక్క నా చెవికి ఎక్కలేదు.

ఆ పిల్ల చెప్పకముందే బోర్డు తుడిచేది. చీపురు కనిపిస్తే ఊడ్చేది. పక్కవాడు బలపం లాక్కుంటే వదిలేసేది. ఎవరైనా గిల్లితే గిల్లిన చోటు చూసుకునేది, అంతే. ఏడుపు లేదు, నవ్వు అంతకన్నా లేదు, పేచీ అంటే ఏమిటో తెలియదు. యాభై మంది పిడుగుల మధ్య అలాంటి పిల్ల ఒకతె ఉంటే ఏ టీచరుకైనా ప్రాణం లేచి వస్తుంది. "మస్తానమ్మని చూసి నేర్చుకోండర్రా" అని రోజుకు నాలుగుసార్లు అనేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందని అనుమానం రావలసింది. నాకు రాలేదు.

ఫిబ్రవరిలో బడి బీరువాకి పురుగు పట్టింది. సన్నటి గోధుమరంగు పురుగులు హాజరుపట్టీ మీదకి పాకాయి. మ్యాపులన్నీ బయటికి లాగితే, వాటి వెనకాల ఒక పాలపొడి డబ్బా, దాంట్లో సగానికి పైగా తవుడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. క్లాసంతా నిలబెట్టి, బడిలో బర్రెని కట్టేద్దామనుకుంటున్నారా అని అడిగాను. పిల్లలందరూ నవ్వారు, ఒక్క పిల్ల తప్ప. మస్తానమ్మ ముందుకు వచ్చి ఆ డబ్బా తనదేనంది. ఎందుకు పెట్టావంటే చెప్పదు. ఇంటికి పట్టుకుపొమ్మంటే తల అడ్డంగా ఊపుతుంది. పారబోస్తానని డబ్బా ఎత్తాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోలేదు, బతిమాలలేదు, డబ్బా వంక చూసింది. ఆ చూపు చూశాక ఎందుకో పారబోయలేకపోయాను. మూత బిగించి ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆ నెలలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

తరువాతి వారం పలక పగిలింది. పలకలు కడిగి ఎండలో ఆరబెడుతుంటే మస్తానమ్మది చేతిలోంచి జారింది. చట్రం మూల నుంచి నడిమి దాకా చీలిక. పిల్ల ముఖం పాలిపోయింది. గంట కొట్టి అందరూ వెళ్ళిపోయాక నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది.

"టీచర్, మా ఇంట్లో చెప్పమాకండి."

"మీ అమ్మ కొడుతుందా?"

"కొట్టదు టీచర్. ఇచ్చేస్తది."

"ఏమిటి ఇచ్చేది?"

"నన్ను."

కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది. తను అమ్మ కడుపున పుట్టలేదట. మూడు మైళ్ళ అవతల పల్లెలో పత్తి ఏకి పరుపులు కుట్టే దూదేకుల జైతున్‌బీ దగ్గర రెండు మానికల తవుడు పోసి కొన్నారట. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఆ మాట చెబుతాడట, అందరూ నవ్వుతారట. జైతున్‌బీ ఏడాదికోసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు తన బుగ్గ పట్టుకుని "నా బిడ్డ ఎదిగిందే" అంటుందట. తమ్ముడు బాపయ్యని మాత్రం కొనలేదు, వాడు కడుపున పుట్టాడు. అందుకని వాడు బంగారుకొండ, తను 'పిల్లా'. అమ్మ ఇంతవరకు తనని పేరు పెట్టి పిలవలేదు. ఆ పేరు కూడా జైతున్‌బీ పెట్టిందే. కొన్న వస్తువు బాగుంటే ఉంచుకుంటారు, పని చెయ్యకపోతేనో పగలగొడితేనో తిరిగి ఇచ్చేస్తారు. అందుకని తను ఏదీ పగలగొట్టదు. ఇదంతా ఆ పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క తడబాటు లేకుండా చెప్పింది.

నేను నవ్వాను. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. కానీ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తవుడు పోసి కొనని పిల్లలెవరు? నన్ను కృష్ణ ఒడ్డున ఇసకలో ఏరుకొచ్చారని మా అన్నలు చెప్పేవాళ్ళు. నేను పెద్దన్న చెయ్యి కొరికి అమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని. అమ్మ వాళ్ళ వీపుల మీద చెరొకటి వేసి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఆ ఒడి కోసమే నేను కొన్నాళ్ళు కావాలని నమ్మినట్టు నటించాను కూడా. అందుకని మస్తానమ్మకి చెప్పాను, ఇవి నవ్వులాటకి చెప్పే మాటలు, రాత్రికి మీ అమ్మని అడుగు, ఒళ్ళోకి తీసుకుని ఏం చెబుతుందో చూడు అని. బడి పలక ఒకటి ఇచ్చి, పగిలినదాన్ని బీరువాలో దాచాను. ఒక పిల్ల మనసులోని చిక్కుముడి పది నిమిషాల్లో విప్పేశానని పొంగిపోతూ ఇంటికి వెళ్ళాను.

మర్నాడు ఆ పిల్ల బోర్డు తుడిచి, నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"అడిగాను టీచర్. నిజమేనంట. కొన్నాంలే, పని చూసుకో అన్నది."

నన్ను ఒక్క మాట అనలేదు. తన చోటికి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు రెండో ఎక్కం చెప్పబోయి మూడో ఎక్కం చెప్పాను.

అంతే, నా ముక్కు మీది కోపం నెత్తికెక్కింది. శనివారం ఒంటిపూట బడి అవగానే తిన్నగా వాళ్ళ కల్లానికి వెళ్ళాను. మిరపకాయ కోతలు జోరుగా ఉన్న రోజులు. ఎర్రటి కాయ నేలంతా పరిచి ఉంది. అంచున ఆడకూలీలు వరసగా కూర్చుని తెల్లబడిన తాలుకాయ వేరు చేస్తున్నారు. వాళ్ళ మధ్య వెంకటేశ్వరమ్మ. సన్నగా, పొడుగ్గా ఉంటుంది మనిషి, చేతులు మోచేతుల దాకా ఎరుపు. నేను నోరు తెరవబోయి ముందు తుమ్మాను. వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మాను. ఒకామె మంచినీళ్ళివ్వబోతే వద్దని, కళ్ళు తుడుచుకుని, అప్పుడు మొదలుపెట్టాను.

ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు, గుర్తున్నవి చెప్పుకునేవి కావు. పుస్తకంలో చదివిన పెద్దపెద్ద మాటలు వాడాను. కొడుకుని ఒక రకంగా, కూతుర్ని ఒక రకంగా చూసే తల్లుల గురించి చెప్పాను. చివరికి, "బంగారంలాంటి పిల్ల. ఊరంతా వెతికినా అలాంటి పిల్ల దొరకదు. కన్నతల్లివి, దాని ముఖం చూసి ఒక్క మంచి మాట ఎప్పుడన్నా అన్నావా?" అని అడిగాను.

బంగారం అన్న మాట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. పక్కకి తిరిగి థూ థూ అని ఉమ్మింది. తరువాత నా వంక కాకుండా, నాకు వెనకాల ఎక్కడో ఉన్నవాళ్ళకి చెబుతున్నట్టు చెప్పింది.

"అది నా పిల్ల కాదండీ, పంతులమ్మగారూ. జైతున్‌బీ పిల్ల. నేను సాకుతున్నానంతే."

కూలీల్లో ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు దించుకుని కాయ ఏరడంలో పడ్డారు. నవ్వులాట మాటకి ఎవరూ నవ్వకపోతే అది నవ్వులాట కాదని నాకు అప్పుడైనా తెలియాలి. తిరిగి చూసేసరికి మస్తానమ్మ నిలబడి ఉంది, కూలీలకి నీళ్ళ బిందె తెచ్చి. బిందెని ఒక్క చుక్క తొణక్కుండా కింద పెట్టి, చెంబు దాని మీద బోర్లించి, ఇంటివైపు వెళ్ళిపోయింది.

సోమవారం ప్రార్థన గంటకి మస్తానమ్మ వరసలో లేదు. బోర్డు తుడిచి ఉంది, గది ఊడ్చి ఉంది, పిల్ల మాత్రం లేదు. నాకు ఏదో అనిపించి బీరువా తెరిచాను. తవుడు డబ్బా లేదు. ఇంతలో ఆదెయ్య వచ్చాడు. అన్నం క్యారేజీ మరిచిపోయిందని తెచ్చాడట. పిల్ల బడికి బయలుదేరి గంటన్నర అయిందన్నాడు. సంచి భుజాన వేసుకుని పత్తిచేల గట్టు మీద తూర్పుగా పోవడం చూశామని ఇద్దరు పిల్లలు చెప్పారు. తూర్పుగా ఏముందంటే జైతున్‌బీ ఉన్న పల్లె.

నేను ఆదెయ్యకి అంతా చెప్పాను. పలక సంగతి, డబ్బా సంగతి, శనివారం నేను చేసిన ఘనకార్యం. ఎప్పుడూ నలుగురిని నవ్వించే మనిషి, అరుగు మీద కూలబడ్డాడు. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. మస్తానమ్మకి ముందు ఇద్దరు పుట్టి పోయారట. మొదటివాడు పదకొండో రోజున. రెండోది ఆడపిల్ల, మూడు నెలలు బతికింది.

"ఆ రెండోదాన్ని మాయావిడ నేల మీద పెట్టేది కాదండీ. బంగారుతల్లీ, నా బంగారుతల్లీ అని పొద్దస్తమానం అదే పాట. పొద్దున నవ్విన పిల్ల మాపటికి లేదు."

మూడోసారి కాన్పు అయ్యాక పెద్దవాళ్ళు చెప్పినట్టు చేశారట. పురిటిపిల్లని చేటలో వేసి జైతున్‌బీకి ఇచ్చేశారు. ఆమెకి ఎనిమిది మంది పుడితే ఎనిమిది మందీ నిలిచారు. పిల్ల ఆమెది అయిపోయాక, రెండు మానికల తవుడు పోసి కొనుక్కున్నారు. తవుడుకి కొన్న పిల్ల మీద ఎవరి కన్ను పడుతుంది? తమ పిల్లల్ని తీసుకుపోయేది ఏదైతే ఉందో, అది ఈ పిల్లని పరాయిదనుకుని వదిలేస్తుందని నమ్మకం. పిల్ల నిలిచింది. భయమంతా మెల్లగా నవ్వులాటలోకి దిగిందని, తను చెప్పే హాస్యం పిల్ల నిజమనుకుంటుందని ఒక్కనాడూ తట్టలేదని ఆదెయ్య అన్నాడు.

గురునాథం గారికి పిల్లల్ని అప్పగించి బయలుదేరాను. ఆదెయ్య కబురు చెప్పగానే వెంకటేశ్వరమ్మ కల్లంలోంచి అలాగే వచ్చేసింది, చేతులైనా కడుక్కోలేదు. పత్తిచేల మధ్య మూడు మైళ్ళు. ఆమె ముందు, నేను వెనక, ఆదెయ్య నా వెనక. క్షమించమని అడుగుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను, ఆ నడకని అందుకోలేకపోయాను. తిట్టినా బాగుండుననిపించింది. ఆమె దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగింది, ఎర్ర పరికిణీ పిల్లని చూశారా అని. నా పిల్లని అనలేదు, మా పిల్లని అనలేదు.

జైతున్‌బీ ఇంటి ముందు పందిట్లో ఆమె భర్త బుడాన్ పత్తి ఏకుతున్నాడు. విల్లు నారి మోగుతోంది, గాలంతా దూది పింజలు. పందిరి కింద చాప మీద మస్తానమ్మ కూర్చుని అన్నం తింటోంది. జుట్టు నిండా దూది. ముందర పాలపొడి డబ్బా. మమ్మల్ని చూసి ముద్ద నోటి దగ్గర ఆపేసింది.

జైతున్‌బీ అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, భారీగా ఉంటుంది. మమ్మల్ని కూర్చోమని కూడా అనకుండా తగులుకుంది.

"ఏమ్మే ఎంకటేశ్వరమ్మా, ఈ పిల్ల ఎందుకొచ్చిందో ఎరుగుదువా? మా అమ్మ పోసిన తవుడు చాలినట్టు లేదు, అందుకే నేను ఇంకా అమ్మ పిల్లని కాలేదు, ఇంకో రెండు మానికలు తెచ్చాను, నన్ను అమ్మకి పూర్తిగా అమ్మెయ్యి జేజీ అంటది."

బర్రె కుడితిలో కలిపే తవుడులోంచి రోజుకో పిడికెడు. ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుని, బడిలో దాచుకుని, చలికాలమంతా కూడబెట్టింది. నేను పురుగులు పట్టాయని తిట్టింది దాన్నే. వేరే అమ్మని వెతుక్కుంటూ వచ్చిందని దారి పొడుగునా భయపడుతూ వచ్చాను. ఆ పిల్ల ఉన్న అమ్మనే కొనుక్కోవడానికి వచ్చింది. నేను ఆ దూదిలోనే కూర్చుని ఏడ్చాను. నా కొంగంతా పింజలు అంటుకున్నాయి.

జైతున్‌బీ వదల్లేదు. నడక వచ్చేదాకా నా పిల్ల అనుకోమన్నానా, లేక ముసలిదయ్యేదాకా అనుకోమన్నానా, తొమ్మిదో ఏడు నడుస్తుంటే ఇంకా నా పిల్లేమిటి అని నిలదీసింది. వెంకటేశ్వరమ్మ గుంజ పట్టుకుని నిలబడింది. ఆమె గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు.

"నడక వచ్చింది అక్కా. మాటలు రానీలే అనుకున్నా. మాటలొచ్చినయ్యి. ఆటలమ్మ పోసి తగ్గనీలే అనుకున్నా. అదీ తగ్గింది. ఇంకొక్క ఏడు, ఇంకొక్క ఏడు అనుకుంటా వచ్చా. నేను నాదన్నదల్లా పోయింది. దీన్ని ఎట్టా అనేది?"

మరి చిన్నోణ్ణి అంటున్నావుగా అని జైతున్‌బీ అడిగింది. వాణ్ణి కొనలేదుగా అక్కా, నాది అననని మాట పెట్టుకుంది దీని మీదేగా అని ఆమె అంది. నాకు అప్పటికి అర్థమైంది. తొమ్మిదేళ్ళుగా ఒక్క ముద్దు మాట అనకుండా నాలుక కరుచుకుని ఉండటం ఎంత కష్టమో, ఎంత ప్రేముంటే అది చేతనవుతుందో, నాకు డెబ్బై ఎనిమిది వేసి ఆ పేపరు దిద్దినవాళ్ళకీ తెలియదు, రాసిన నాకూ తెలియదు. కాని ఆ ప్రేమ ఆ పిల్లకి చేరలేదు. అది కూడా నిజం. ఇద్దరూ నా కళ్ళ ముందే ఉన్నారు, ఒకళ్ళకొకళ్ళు నాలుగు అడుగుల దూరంలో.

జైతున్‌బీ లోపలికి వెళ్ళి ఇత్తడి మానిక తెచ్చింది. సరే, తెచ్చింది కొలుద్దాం, బేరమంటే బేరమే అంది. డబ్బాలోంచి మానికలోకి పోసింది. ఒకటి నిండింది. రెండోదానికి పోస్తుంటే డబ్బా అడుగు కనపడుతోంది, మానిక ఇంకా వెలితిగానే ఉంది. మస్తానమ్మ పెదవులు వణకడం మొదలుపెట్టాయి. జైతున్‌బీ లావుపాటి నాలుగు వేళ్ళు మానిక లోపలికి దూర్చి పట్టుకుని మిగతాది పోసింది. తవుడు అంచు దాకా పొంగింది. చుట్టుపక్కల ఊళ్ళల్లో అంత పచ్చి దొంగకొలత ఇంకొకటి జరిగి ఉండదు. నేను చూశాను, బుడాన్ కూడా చూశాడు, ఎవరం మాట్లాడలేదు.

తరువాత జైతున్‌బీ పిల్లని రెక్క పట్టి లేపి తీసుకెళ్ళి వెంకటేశ్వరమ్మని కూర్చోబెట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. ఇక దీని మీద నాకు ఏ హక్కూ లేదు, మా అల్లా సాక్షి, మీ ఎంకటేశ్వరస్వామి సాక్షి అంది. ఇప్పుడు అను, అంది.

వెంకటేశ్వరమ్మ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మస్తానమ్మ తల ఎత్తి ఆ నోటి వంకే చూస్తోంది. మేమందరం చూస్తున్నాం. ఆమె పిల్లని ఒళ్ళోంచి దింపి లేచింది.

"పా, పొద్దెక్కింది" అంది.

అంతే. కాని తిరిగి వచ్చిన మూడు మైళ్ళూ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. మిరపకాయ పట్టిన చెయ్యి అది. సగం దూరం వచ్చేసరికి మస్తానమ్మ అరచెయ్యి ఎర్రగా కంది మండుతోందని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. కాలవ దగ్గర కడుక్కోమని ఆదెయ్య అన్నాడు. పిల్ల వద్దంది. ఆ చెయ్యి విడిపించుకోలేదు.

ఆ తరువాత మూడు రోజులు మస్తానమ్మ బడికి వచ్చింది, బోర్డు తుడిచింది, గది ఊడ్చింది. నేను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటం నాకు ఎంత కష్టమో మా వారిని అడిగితే చెబుతారు. నాలుగో రోజు సాయంత్రం గంట కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

"ఆ పగిలిన పలక ఇవ్వండి టీచర్. ఇంటికి తీసుకుపోతా."

బడి పలక ఉంచుకో, ఎవరికీ తెలియదులే అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"వద్దు టీచర్. అమ్మకి చూపిస్తా."

ఆ పలకతో తను ఏం అడగబోతోందో నాకు తెలిసింది. నోటితో అడిగితే ఒకసారి ఏమైందో తనకి గుర్తుంది. బీరువాలోంచి పలక తీసి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని బయలుదేరింది. కాసేపు కూర్చుందామనుకున్నాను, కూర్చోలేక, కాస్త దూరంగా వెనకాలే నడిచాను.

కల్లంలో అదే వరస, అదే కూలీలు. వెంకటేశ్వరమ్మ గోనె మీద కూర్చుని కాయ ఏరుతోంది. మస్తానమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడి, పలకని చీలిక కనపడేట్టు ముందుకి చాపింది. వెంకటేశ్వరమ్మ పలక వంక చూసింది, పిల్ల వంక చూసింది. నేను గడ్డివాము పక్కన నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను, తుమ్ము కోసం కొంత, నా ఉపన్యాసం కోసం కొంత.

వెంకటేశ్వరమ్మ లేచింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. నాలుగు కల్లాల అవతలికి వినపడే గొంతుతో అందుకుంది.

"నా కడుపున చెడబుట్టావు గదే. మొన్న కొన్న పలక, ఇట్టాగేనా పగలగొట్టుకొచ్చేది? కళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తన్నావా?"

కూలీల చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒక ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మిరప ఘాటుకేనేమో. తను ఏమందో వెంకటేశ్వరమ్మకి అన్నాక తెలిసినట్టుంది. పక్కకి తిరిగి గబుక్కున ఉమ్మబోయి, ఆగి, మింగేసింది. ఆకాశం వంక ఒకసారి చూసింది. ఏమీ కాలేదు. పిల్ల ఎదురుగా అలాగే నిలబడి ఉంది.

అప్పుడు మస్తానమ్మ ఏడ్చింది. దాని ఏడుపు నేను వినడం అదే మొదలు. నోరంతా తెరిచి, ముక్కు కారుస్తూ, రాగం తీస్తూ, మా ఒకటో తరగతి పిల్లలకి ఏమాత్రం తీసిపోకుండా ఏడ్చింది. వెంకటేశ్వరమ్మ కారం చేతులు పిల్ల కళ్ళకి తగలకుండా రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని, మోచేతులతోనే దాన్ని కడుపుకి అదుముకుంది. అదుముకుంటూనే తిడుతోంది. పలక అనుకున్నావా పెంకు అనుకున్నావా అంటోంది. అప్పుడు ఆ చీర కుచ్చెళ్ళలోంచి, వెక్కిళ్ళ మధ్య, ఒక గొంతు వినిపించింది.

"నేనేం పగలగొట్టలా. అదే జారిపడింది."

"నోర్ముయ్. నా కడుపున పుట్టి నాకే ఎదురు చెప్తావా?"

"జారిపడిందంటే నమ్మవేంది?"

నన్ను ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు. వెనక్కి తిరిగి బడి దారి పట్టాను. సందు మలుపు తిరిగేదాకా ఆ తల్లీకూతుళ్ళ పోట్లాట వినపడుతూనే ఉంది.